గడపకు పసుపు

ఇంగ్లండులో ఆరొందల ఏళ్ళనాటి ఆ జమీందారు భవంతికి ఇప్పుడు మిగిలింది కప్పులేని హాలు, పొగచూరిన గోడ, ఒక రాతిగడప. కాపలా ఉద్యోగానికి వచ్చినరోజే హైమవతి అలవాటుకొద్దీ గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పక్కనే కూర్చుంది. సరిగ్గా అప్పుడే పాత కట్టడాలను కాచే యంత్రం ఆమెతో సహా అక్కడ కనబడినదంతా జ్ఞాపకంలోకి ఎక్కించుకుంది. ఆనాటినుంచీ ఏ కాస్త మారినా, సరిచేసేదాకా గేటు తెరవదు.

ఈ ఉదయం వాన పసుపంతా కడిగేసింది. డబ్బాలో చిటికెడు కూడా లేదు. అవతల ఊళ్ళో ఆసుపత్రిలో కూతురికి నొప్పులు మొదలయ్యాయి.

"వెళ్ళి పసుపు కొనుక్కొస్తాను, తియ్యవే తల్లీ!" అని భర్త ప్రభాకరం లోపలినుంచి గేటును బతిమాలాడు.

"ముందు గడప సరిచేయండి," అంది యంత్రం.

"కప్పు లేకపోతే నీకు పట్టదు గానీ, పసుపు లేకపోతే కొంప మునిగిందా?"

"కప్పు ఆరోజూ లేదండీ."

"దాంతో వాదనేంటండీ, ఆ గిన్నెలో నీళ్ళు పట్టండి," అంది హైమవతి. మెడలోంచి తియ్యకుండానే వంగి, నిన్ననే పసుపు రాసుకున్న తాళితాడును నీళ్ళలో ముంచి గట్టిగా పిండింది. నీళ్ళు పచ్చబడ్డాయి. వాటితో గడపను తడిపి, కుంకుమ బొట్లు పెట్టింది.

గేటు కదిలింది. ఇద్దరూ పరుగెత్తారు. వాళ్ళు చేరేలోగా అది మళ్ళీ మూసుకుంది.

"గడప సరిపోయిందండీ," అంది యంత్రం మర్యాదగా. "అమ్మగారి మెడలో తాడు తెల్లబడింది."