కింద పట్టుకునే చేతులు

భువనగిరి గుట్ట కింద, కొండలెక్కడానికి కావాల్సిన సామాన్ల షాపులో ఇప్పుడు మనుషులెవరూ లేరు. కౌంటరే మాట్లాడుతుంది. రవళిక తన పాత తాడును దాని ముందు పడేసింది.

"కొత్తది కావాలి. మొన్న పైన కాలు జారితే ఇది ఆపలేదు. దాదాపు నేల దాకా వచ్చేశాను."

తమ మీద పడిన ప్రతి బరువునూ తాళ్లే గుర్తుపెట్టుకునే కాలం. కౌంటరు తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది.

"తాడు బాగుంది మేడమ్. కొత్తది అక్కర్లేదు."

రవళికకు అనుమానమొచ్చింది. వచ్చిన బేరాన్ని వద్దనే షాపు ఎక్కడైనా ఉంటుందా? "మరి ఎందుకు ఆపలేదు?"

"మీరు జారగానే, కింద తాడు రెండో కొస పట్టుకున్నవారు వదిలేశారు. తర్వాతే మళ్లీ పట్టుకున్నారు. ఆ మనిషిని మార్చండి. తాడు పట్టుకునే యంత్రం మా దగ్గర అద్దెకుంది."

"అదీ సంగతి! మొగుడూ పెళ్లాల మధ్య పుల్లలు పెట్టి యంత్రం అంటగడతావా?" తాడు లాక్కుని విసురుగా బయటికొచ్చింది.

గుట్ట మొదట్లో ఆమె భర్త నవనీత్ నిలబడి ఉన్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ, ఆమె ఎక్కుతుంటే కింద తాడు పట్టుకునే పని అతనిదే.

"ఏమంది?"

"తాడు బాగుందంది."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

ఆ అడగడం రవళికకు నచ్చలేదు. తాడు కొస అతని చేతిలో పెట్టింది. "ఇవాళ నువ్వెక్కు. నేను పట్టుకుంటా."

ఇన్నేళ్లలో ఆమె ముడి ఎలా ఉందో ఒక్కసారీ చూడని మనిషి, తన నడుముకు కట్టుకున్న ముడిని లాగి చూసుకున్నాడు. మళ్లీ లాగి చూసుకున్నాడు.