గుమ్మం తొక్కనివాళ్లు

గేటు ముందు కారు చప్పుడైతే చాలు, తుర్దకున్ కర్ర అందుకుంటాడు. ఒంటికాలి మీద గెంతుకుంటూ కిటికీ దాకా వెళతాడు. కారు ఆగదు. దుమ్ము లేపుకుంటూ పోతుంది. మళ్లీ గెంతుకుంటూ వచ్చి పరుపు మీద కూలబడతాడు.

మూడు వారాలుగా ఇదే వరస.

నెల కిందట గుర్రం మీద కొచ్‌కోర్ బజారు నుంచి వస్తుంటే, వంతెన మలుపులో వెనక నుంచి కారు గుద్దింది. గుర్రానికి ఏమీ కాలేదు. తుర్దకున్ కుడి తొడ ఎముక మాత్రం రెండు ముక్కలైంది. లోపల కడ్డీ వేసి కుట్టారు. ఇక రికాబులో కాలు పెట్టి గుర్రమెక్కే మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. అరవై మూడేళ్లలో తుర్దకున్ నడిచి వెళ్లిన ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గుద్దినవాడు మెడెర్. అవతలి ఊరి టాక్సీ కుర్రాడు.

భార్య ఉల్కాన్ ఎముకల చారు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. మంద అంతా కొడుకుతో కొండ మీద మేతకు పోయింది. అయినా ఆవిడ మొగుడికి లోటు రానివ్వలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజున గొర్రె తలకాయ ఉడికించి, అది ఇంటిపెద్దకే దక్కాలని అతని ముందే పెట్టింది. అప్పటినుంచి పూటకో గిన్నె.

"తాగవయ్యా. చల్లారితే కొవ్వు పేరుకుంటుంది."

"నాకొద్దు. ఇవాళ లాయరమ్మ వస్తానంది. రమ్మందామా, వద్దందామా?"

"నిన్న రమ్మన్నావు, మొన్న వద్దన్నావు. ఇవాళ నీ ఇష్టం."

పొద్దుటి నుంచి మూడుసార్లు లాయరుకు ఫోను కలిపాడు. మూడుసార్లూ అటు ఎత్తకముందే కట్టేశాడు.

పక్కింటి జుమాష్ టీ తాగుతూ అంతా చూస్తున్నాడు. అతను పొద్దున్నే టీకి వస్తే మధ్యాహ్నం దాకా కదలడు.

"ఎందుకు బావా కోర్టులూ గీర్టులూ? ఆ కుర్రాడికి పెళ్లై ఏడాది కూడా కాలేదట. లోపలేస్తే మూడేళ్లంటున్నారు."

"మరి రావద్దూ! పెద్దమనిషిని ముందు పెట్టుకుని, గొర్రెను తోలుకుని, తప్పైందయ్యా అని రావద్దూ!"

"నువ్వేగా ఆస్పత్రిలో రొట్టె మీద చెయ్యేసి ఒట్టు పెట్టావు? వాళ్లలో ఎవడైనా నా గుమ్మం తొక్కితే కాలిరగ్గొడతానని. వార్డంతా విన్నది."

"ఏదో నొప్పిలో అన్నాను. అంటే మానేస్తారా? తిట్టినవాడి గుమ్మంలోకే గదా రావాల్సింది!"

"వస్తే కాలిరగ్గొడతావు. రాకపోతే కోర్టుకీడుస్తావు. వాళ్లు ఎటు చావాలి బావా?"

తుర్దకున్‌కి రోషం వచ్చింది.

"నేనేమన్నా సత్తార్‌ననుకున్నావా? తన కొడుకుని కొట్టినోళ్లు తెచ్చిన గొర్రెను శుభ్రంగా మెక్కి, మూతి తుడుచుకుని కోర్టుకెళ్లాడు వాడు. తిన్నాక ఇంకేం ఫిర్యాదు? ఇప్పటికీ వాడికి సలాం చెప్పే మనిషి లేడు ఊళ్లో. ముందు మానేసింది నేనే!"

జుమాష్‌కి టీ పొలమారింది. ఉల్కాన్ అతని వీపు మీద రెండు దెబ్బలు వేసింది, కొంచెం గట్టిగానే.

మధ్యాహ్నం గేటు ముందు కారు చప్పుడైంది. ఈసారి ఆగింది.

తుర్దకున్ కర్ర కూడా మరిచి లేచాడు. పడబోయి గోడ పట్టుకున్నాడు. "టోపీ ఇటివ్వు, టోపీ!" అన్నాడు భార్యతో. నెత్తిన పెట్టుకున్నాడు. మీసం దువ్వుకున్నాడు.

తలుపు తోసుకుని వచ్చింది లాయరు చినారా. చంకలో సంచి. ఒక్కతే.

తుర్దకున్ టోపీ తీసి పక్కన పెట్టాడు.

ఆవిడ రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుని, కాగితాలు పరిచింది.

"పెద్దయ్యా, నాదొకటే షరతు. సంతకం పెట్టాక వెనక్కి తగ్గకూడదు. నలుగురూ వచ్చి గడ్డం పట్టుకున్నా సరే."

"తగ్గను."

"సాక్షులొస్తారా?"

"ఊరు ఊరంతా వస్తుంది. నా తప్పు వెంట్రుకంత లేదు. వాళ్లొచ్చిందీ లేదు, నేను పుచ్చుకున్నదీ లేదు."

కలం అందుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. ఎవరూ లేరు. కలం దించాడు.

"కాలు పోతే పోయిందమ్మా. గుర్రాన్ని మనవడికిచ్చేస్తా. కానీ వాడు ఒక్కసారి వచ్చి నా ఎదురుగా తలొంచుకుని నిలబడి ఉంటే, పో అబ్బాయ్, బాగుండు అనేవాణ్ణి. కుక్కని గుద్దినా ఆగి చూస్తారే! నన్ను మనిషిలా కూడా చూడలేదు. అదీ నా మంట."

ఉల్కాన్ జుమాష్ వైపు చూసింది. జుమాష్ పైకప్పు వైపు చూశాడు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి, పొద్దున మొగుడు ముట్టని చారు వేడిచేసి తెచ్చింది. గిన్నెలో ఒక్కటే ఎముక.

"ముందు ఇది కానివ్వు. మంచి పనికి ఖాళీ కడుపుతో పోకూడదు."

కాదనలేకపోయాడు. చారు తాగాడు. ఎముక తట్టి, మూలుగ పీల్చాడు. "దేవుడు నీ చేతిలో రుచి పెట్టాడే" అన్నాడు. మళ్లీ కలం తీసుకున్నాడు. చినారా వేలు పెట్టి చోటు చూపించింది.

ఉల్కాన్ తువ్వాలు అందించింది.

"మూతి తుడుచుకుని మరీ పెట్టవయ్యా సంతకం. నువ్వింకా ఆస్పత్రిలో ఉండగా ఆ మెడెర్ ఏడ్చుకుంటూ మన గుమ్మంలోకి తోలుకొచ్చిన గొర్రెకు ఇదే ఆఖరి ఎముక."