ఎర్ర బకెట్టు తగువు

"ఫోన్లన్నీ బకెట్టులో!" అంది కుళాయి పంతులమ్మ.

తొమ్మిది మంది పిల్లలు వరసగా వచ్చారు. అందరూ పదిహేను, పదహారేళ్ళవాళ్ళు. కన్నబిడ్డను నూతిలోకి దించుతున్నట్టు ఒక్కొక్కరే తమ ఫోను ఎర్ర ప్లాస్టిక్ బకెట్టులో పెట్టి, ఖాళీ చేతులేం చేసుకోవాలో తెలియక నిలబడ్డారు.

అది తగువుల ట్యూషను. వేళాకోళం కాదు. ఆ వీధి పిల్లలకు నోళ్ళు మూతబడి చాలా కాలమైంది. ఆకలేస్తోందని తలుపవతల ఉన్న తల్లికి మెసేజ్ పెడతారు. బళ్ళో వ్యాసం రాయమంటే నాలుగు పొట్టి మాటలు, ఒక ఏడుపు బొమ్మ. చివరికి తల్లిదండ్రులే వచ్చి పడ్డారు. "కనీసం తగువాడ్డమన్నా నేర్పు పిన్నీ. తగువొస్తే మాట దానంతటదే వస్తుంది."

చదువు లేకపోయినా ఈ పంతులమ్మకు అనుభవముంది. ఇరవై ఏళ్ళు వీధి కుళాయి దగ్గర ఓడిపోని నోరు. గెలవని నోరు కూడా. ఎదురింటావిడ ఆమెకు సరిజోడు. ఏడు తరాలనూ దులిపేసి, చివర్న "తల్లీ" అని తేనె పూసేది మహాతల్లి. ఆఖరి తగువు ఈ ఎర్ర బకెట్టు గురించే. నాదంటే నాదని నలభై రోజులు నడిచింది. నలభై ఒకటో రోజున చూస్తే ఎదురింటికి తాళం. కూతురి దగ్గరకు వెళ్ళిపోయిందట, ఒక్క మాటైనా చెప్పకుండా.

మూడేళ్ళయింది. పంతులమ్మ ఆ అవమానం మరిచిపోలేదు. తిట్టి వెళ్ళినా బాగుండేది. ఇంటింటికీ కుళాయిలొచ్చాక వీధిలో తగువాడే దిక్కే లేదు. నాలుకకు తుప్పు పట్టింది. ఈ విద్య తనతోనే మట్టిలో కలవకూడదు, ఒక్కరికైనా అంటించి పోవాలి. అదొక్కటే ఆమె కోరిక. నెల్లాళ్ళుగా నేర్పుతోంది. ఇవాళ పరీక్ష. ఒక్కరూ నోరు తెరవకపోతే రేపట్నుంచి ట్యూషను ఎత్తేద్దామనుకుంది.

"నేను మీ బిందె తన్నేశాను. రండి, కడిగెయ్యండి నన్ను!"

ఒకమ్మాయి "సారీ ఆంటీ" అంది. ఇంకొకడు "మీరు చెడ్డవారు" అని చెప్పి, చెప్పినందుకు ఏడ్చాడు. మూడోవాడు తిట్టడానికి రెండు చేతులూ ఎత్తి, బొటనవేళ్ళు గాల్లో ఆడించి కూర్చున్నాడు.

"నీకు కోపమొస్తే ఏం చేస్తావురా?"

"బ్లాక్ చేస్తా. ఇక వాళ్ళు నాకు కనబడరు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మనిషి కనబడకపోతే తిట్టి ఏం సుఖంరా?"

ఎనిమిది మందీ తప్పారు. మిగిలింది ఒక్కతే. పంతులమ్మ దానికి బొటనవేలని పేరు పెట్టింది. ఊరి అవతలి కొస నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. చేరి పదిహేను రోజులైంది. మొదటి రోజున పాఠం వినకుండా బకెట్టుకు ఫోటో తీసుకుంది, పిచ్చిమొహం!

"నా ఫోను ఇస్తే మాట్లాడతా పంతులమ్మగారూ."

"ఎందుకే?"

"నోట్సు అందులో ఉంది."

చీటీ చూసి తిట్టేదాన్ని ఎక్కడా చూడలేదు. ఏం చేస్తుంది? మునిగేవాడికి గడ్డిపోచ. తీసి ఇచ్చింది.

పిల్ల బొటనవేళ్ళు టకటకలాడాయి. కాసేపు ఆగింది. తెర చూసింది. నోరు తెరిచింది.

"నా బిందె తన్నావా? తన్నవూ మరి! నడక నేర్పినవాళ్ళు లేక గాడిదల వెంట తిరిగిన కాలాయె, దాని అలవాటు ఎక్కడికి పోతుంది తల్లీ!"

పంతులమ్మ కొంగు దానంతటదే నడుములోకి దూరింది.

"నాది గాడిద కాలా? నీ నోరు చూసుకో, బొక్కపడ్డ బిందెలా కారుతోంది!"

టకటక. ఒక్క క్షణం.

"కారితే కారనీ, నా బిందెలో నీళ్ళున్నాయి కాబట్టి కారుతున్నాయి. నీది బోర్లించిన కుండ, వాన కురిసినా తడవదు, చుట్టమొచ్చినా నిండదు తల్లీ!"

గంటసేపు జరిగింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఎనిమిది మంది పిల్లలూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. పంతులమ్మ ఒకటంటే పిల్ల టకటకలాడించి రెండు అంటుంది. ఎక్కడా తడబాటు లేదు. మూడేళ్ళ తిమ్మిరి వదిలి పంతులమ్మ ఒళ్ళు తేలికపడింది. చెమట పట్టింది, గొంతు బొంగురుపోయింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నవ్వుతూ అరుగు మీద కూలబడింది.

"చాలే, చాలు! నూటికి నూరు! నేను నేర్పింది పదో వంతు కూడా లేదందులో. నా తల్లీ, నా తర్వాత నువ్వేనే!"

పిల్ల నేల చూపులు చూసింది.

"ఆ నోట్సేదో ఇటియ్యి. ఈ మొద్దులకు కూడా ఎక్కిస్తా" అని పంతులమ్మ ఫోను లాక్కుంది.

తెర మీద పైన "అమ్మమ్మ" అని ఉంది. కింద ఇందాకటి తిట్లన్నీ వరసగా ఉన్నాయి. ఆమె చూస్తుండగానే ఫోను టింగుమని, ఇంకొకటి వచ్చి పడింది.

"డాక్టర్లు నా గొంతు కోసి మాట పట్టుకుపోయారు గానీ తిట్లు నా దగ్గరే ఉన్నాయి, ఆ బకెట్టూ నాదే, రేపు ఇదే వేళకు మనవరాల్ని మళ్ళీ పంపుతా, కాచుకో తల్లీ!"