మన వైఫై

రౌటర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. అది పచ్చగా మారాలి. నాలుగింటిలోపు మారాలి. మారకపోతే అమ్మాయి ఉద్యోగం గోవిందా!

మాస్టారు బళ్లో లెక్కలు చెబుతారు. ఎంత మొండి పిల్లాణ్ణయినా దారికి తెస్తారని పేరు. ఈ రౌటర్ మాత్రం ఆయన చేతికి చిక్కిన మొండిఘటాలన్నిటినీ మించిపోయింది. ఆపి మళ్లీ వేశారు. ఎర్ర లైటే. తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చారు. ఎర్ర లైటే. ఒళ్లు మండి దాని రెండు యాంటెన్నాలనూ చెవులు మెలేసినట్టు మెలేశారు. అయినా అది కళ్లెర్రజేసి ఆయన్నే చూస్తోంది.

“నాన్నా, వచ్చిందా?” గోడ అవతల నుంచి అమ్మాయి అరిచింది.

“వస్తోందమ్మా! దార్లో ఉంది!” అని ఈయన ఇటు నుంచి అరిచారు.

అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు బొమ్మలా కూర్చుంది. ఇస్త్రీ బట్టలు నలుగుతాయని కుర్చీలోంచి కదలడం లేదు. ఎన్నో కంపెనీలు కాదు పొమ్మన్నాక ఈ ఒక్కటి ఆఖరి ఇంటర్వ్యూ దాకా రానిచ్చింది. పోనీ ఫోన్‌తో కానిద్దామంటే, ఆ బిల్డింగులో సిగ్నల్ కావాలంటే బాల్కనీ చివర ఒంటికాలి మీద నిలబడాలి. అలా కొంగలా నిలబడి ఉద్యోగమడిగితే ఎవరిస్తారు, మీరే చెప్పండి!

“పొద్దున్నదాకా బాగానే ఉందిగా, దీనికేం మాయరోగం?” అని గొణుక్కుంటూ మాస్టారు చుట్టూ చూశారు. “స్క్రూడ్రైవర్ ఎక్కడుందే?”

“నన్నడిగితే? నాకేం తెలుసు?” అంది భార్య. ఆవిడ కిటికీ పరదా కాస్త పక్కకి జరిపి వీధిలోకి చూస్తోంది.

మాస్టారు సొరుగులన్నీ లాగారు. ఒకదాంట్లో కొవ్వొత్తులు. ఒకదాంట్లో గుండీలు. ఇంకోదాంట్లో అరిగిపోయిన బ్యాటరీలు. ఏ సొరుగులో ఏముందో మగమహారాజులకి ఎప్పుడు తెలిసింది గనక!

“సరే, నీ పిన్నీసు ఇలా పడెయ్. వెనకాల సన్న చిల్లుంది. అందులో పొడిస్తే అంతా మొదటికొస్తుందట. మా సైన్సు మాస్టారు చెప్పాడు.”

“అయ్యయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి! పాస్‌వర్డ్ కూడా కొట్టుకుపోతుంది. మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?”

అదీ నిజమే. మాస్టారు పిన్నీసు తిరిగిచ్చేశారు.

“పోనీ నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే?”

“చేసి ఏమని చెబుతావే? వాళ్లు సవాలక్ష ప్రశ్నలేస్తారు. అయినా మన వైఫై మనం బాగుచేసుకోలేమా?”

“మనదే పాపం!” అంది ఆవిడ మూతి తిప్పుతూ.

“పుల్లవిరుపు మాటలు తర్వాత. ముందు ఆ టార్చి పట్టు.”

“టార్చెందుకు, లైటెయ్యచ్చుగా?”

“పట్టపగలు లైటేమిటి? వద్దన్నానా!”

మాస్టారు పంచె ఎగ్గట్టి నేల మీద బోర్లా పడుకున్నారు. రౌటర్ వెనక నుంచి ఒక సన్న తీగ గోడ వెంబడే పోయి, దుప్పటి కప్పిన సోఫా కిందకి దూరింది. ఆయనా దాని వెనకాలే దూరారు. కాసేపటికి సోఫా కింద నుంచి నాలుగు తుమ్ములు, ఒక మూలుగు, ఎవరిదో పాత చెప్పు బయటికొచ్చాయి. తర్వాత ఠంగుమని చప్పుడయింది.

“ఏమైందండీ?”

“ఏం కాలేదు. బుర్ర పగిలింది, అంతే.”

“నాన్నా, ఇంక పది నిమిషాలే ఉంది!”

ఈసారి ఆ గొంతులో ఏడుపు తొంగిచూసింది. మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. పిల్ల రాత్రింబవళ్లు చదివి ఇంతదూరం వస్తే, కన్నతండ్రినయ్యుండి ఒక్క లైటు రంగు మార్చలేకపోయానే అని సిగ్గేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని భార్యకి అబద్ధం చెప్పారు. ఆవిడ నమ్మినట్టే తలూపి, కొంగుతో ఆయన నెత్తి మీది బూజు దులిపింది.

“నా వల్ల కాదే!” అంటూ మాస్టారు సోఫాలో ధబ్బున కూలబడ్డారు.

ఆ దెబ్బకి సోఫా కీచుమంటూ జానెడు వెనక్కి జరిగింది. ఎర్ర లైటు ఆరిపోయింది.

“ఆర్పేశారూ! ఉన్నది కాస్తా ఊడగొట్టారు!”

ఆవిడ నోరు మూసేలోపే అదే చోట పచ్చ లైటు మిణుక్కుమంది. ఇంతసేపూ సోఫా కాలు తీగ పీక నొక్కిపట్టుకుని కూర్చుందన్నమాట. మాస్టారి బరువుకి జడిసి వదిలేసింది.

“వచ్చింది! నాన్నా, వచ్చేసింది!”

ఆ వెంటనే గోడ అవతల నుంచి, “గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్” అన్న తియ్యటి గొంతు వినబడింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఊపిరి బిగబట్టి గోడకి చెవులానించారు. కాసేపటికి అమ్మాయి నవ్వింది. అవతల ఎవరో కూడా నవ్వారు. మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

“చూశావా నా పనితనం?” అన్నారు గుసగుసగా.

“చాల్లెండి సంబడం. కూలబడ్డం తప్ప మీరు చేసిందేముంది?”

ఇద్దరూ సొరుగులు మూశారు. సోఫా మీద దుప్పటి సరిచేశారు. చెప్పుని మళ్లీ సోఫా కిందకి నెట్టారు. అమ్మాయి మాటలకి అడ్డం రాకుండా పిల్లుల్లా నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. అక్కడ మాస్టారు ఠక్కున ఆగి నాలుక్కరుచుకున్నారు.

“ఒసేయ్, పక్కింటివాళ్లు పొద్దున ఊరెళుతూ ఈ ఇంటి తాళంచెవి మనకిచ్చింది మొక్కలకి నీళ్లు పొయ్యమని కదే!”