రెండో చెవి

"ఎడమవైపు ఇంకా గరగరమంటోందండీ," అంది టైలరమ్మ.

మెకానిక్ కళ్లు మూసుకుని, తల పక్కకి వంచి, శ్రద్ధగా విన్నాడు. "నిజమేనండీ. నాకూ తెలుస్తోంది. ఈ పూటకి ఉంచేయండి, రేపటికి సరిచేసి పెడతాను."

ఎడమ ఇయర్‌ఫోను ఉన్నది ఆమె చెవిలో. ఆ గరగర అతనికెలా తెలిసిందో మాత్రం అడక్కండి.

"అయితే రేపు ఇదే వేళకి రానా?"

"తప్పకుండా రండి!"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిన్ని నొసలు చిట్లించింది. షాపు ఆవిడది. పాత మ్యూజిక్ ప్లేయర్లు కొని, బాగుచేయించి అమ్ముతుంది. బాగుచేసేవాడు ఆవిడ అక్క కొడుకే. ముప్పై దాటాయి, చేతిలో పనుంది, నోట్లో మాటే లేదు.

ఆ షాపులో పిన్ని పెట్టిన నియమం ఒకటుంది. ఏ ప్లేయరు అమ్మినా ముందు ఇద్దరు వినాలి. ఒక చెవి కొనేవాళ్లది, రెండో చెవి షాపుది. ఇద్దరూ బాగుందంటేనే బేరం. ఇంటికెళ్లాక పాడలేదని పేచీ పెడితే కుదరదు. ఇయర్‌ఫోను తీగ పొట్టిది కాబట్టి వినేవాళ్లు తలలు దగ్గర పెట్టక తప్పదు. మామూలుగా ఈ తతంగం ఒక పాట పూర్తయ్యేలోపే ముగిసిపోతుంది.

టైలరమ్మది ఎదురు వరసలో కుట్టు షాపు. మిషను తొక్కుతూ పాటలు వినాలని సరదాపడి, జేబులో పట్టే ఎర్రటి క్యాసెట్ ప్లేయరు బేరం చేసింది. అంతే, వారాలు గడుస్తున్నాయి, ఆ బేరం తెగడం లేదు.

ఒకరోజు పాట నత్తనడక నడుస్తోందంది. మర్నాడు పరిగెడుతోందంది. ఇంకోరోజు, "వేణువు పక్కవీధిలో వాయిస్తున్నట్టు లేదూ?" అంది.

"పక్కవీధి కూడా కాదండీ, ఊరవతల," అన్నాడు మెకానిక్.

మరో సాయంత్రం ఇద్దరూ క్యాసెట్ ఒక వైపంతా విన్నారు. తీసి తిప్పి పెట్టుకుని రెండో వైపూ విన్నారు. లోపం ఏమిటో తేలలేదు కాబట్టి మర్నాడు మళ్లీ మొదటి వైపు.

ఆమె వెళ్లాక అతను ఆ ప్లేయరుని బల్లమీద పెట్టుకుని, తుడిచిన చోటే తుడుస్తూ కూర్చునేవాడు. ఇస్త్రీ చొక్కాలు మొదలయ్యాయి. సోల్డరింగు చేయబోయి వేలు కాల్చుకుని, దాన్నీ చూసి నవ్వుకున్నాడు.

కానీ ఒకటే భయం. ప్లేయరు అమ్ముడైపోతే ఆమె ఇక రాదు. రమ్మని అడగడానికి నోరు పెగలదు. మూగబోయిన యంత్రాల చేత పాడించేవాడికి, తన గొంతు దగ్గరికొచ్చేసరికి ఏ స్క్రూ తిప్పాలో తెలియలేదు పాపం.

ఒక ఉదయం పిన్ని గల్లాపెట్టె మీద దబ్బున చెయ్యేసింది.

"ఒరేయ్, చేతకాకపోతే చెప్పు. బస్సు డ్రైవరొకాయన ఎలా ఉన్నా సరే పట్టుకుపోతానంటున్నాడు. ఇవాళ ఆ అమ్మాయి తీసుకుంటే సరే, లేదంటే రేపు ఆయనకిచ్చేస్తా."

"ఇంకొక్క వారం పిన్నీ..."

"ఇంకొక్క పూట కూడా లేదు!"

సాయంత్రం టైలరమ్మ వచ్చింది. ఆమెకీ అదే మాట చెప్పింది పిన్ని. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. గుడ్లప్పగించి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఊఁ, ఎలా ఉంది?" అంది పిన్ని.

బాగాలేదంటే డ్రైవరు ఎత్తుకుపోతాడు. బాగుందంటే ఇక ఈ సాయంత్రాలు ఉండవు. ఎటు చెప్పినా చిక్కే.

"బాగుందండీ," అంది ఆమె, సంచి తాడు మెలితిప్పుతూ.

"చాలా... బాగుందండీ," అన్నాడు అతను, ఏడవలేక నవ్వుతూ.

డబ్బు చేతులు మారింది. ప్లేయరు ఆమె సంచిలోకి వెళ్లింది. ఆమె గుమ్మం దిగింది. అతను స్టూలు మీద కూలబడ్డాడు.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది.

"నాకో సందేహం అండీ. ఇంటికి తీసుకెళ్లాక నేనొక చెవితో వింటాను. మరి రెండో చెవికి ఎవరున్నారు?"

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవరు జారి కాలి మీద పడింది. అతనికి తెలియనేలేదు.

"నేనున్నానండీ!"

ఎంత గట్టిగా అరిచాడంటే, వీధిలో పోతున్న సైకిలాయన తననే పిలిచారనుకుని ఆగిపోయాడు.

"రోజూనా?"

"రోజూ! రెండు వైపులా!"

అతను గల్లాపెట్టె చుట్టూ తిరిగి రావడం మర్చిపోయి, బల్ల మీంచే ఇటు దూకాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. సైకిలాయనకి సంగతేమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాడు. పిన్ని డబ్బు తీసి ఆమె చేతిలోనే పెట్టేసింది.

"నా దగ్గర బేరమా? పెళ్లి కానుకనుకో. ఇక కదలండి, షాపు మూయాలి."

చెరో చెవికి చెరో ఇయర్‌ఫోను తగిలించుకుని, పాటకి తగ్గట్టు తలలూపుకుంటూ, అడుగులో అడుగేసుకుంటూ వాళ్లిద్దరూ వీధి వెంట సాగిపోయారు.

వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, పిన్ని తలెత్తి గోడ గడియారం వైపు మురిపెంగా చూసుకుంది: మొదటి రోజు సాయంత్రమే ఆ ఎర్ర ప్లేయరులోంచి తను పీకి పెట్టిన బ్యాటరీతో అది ఇన్నాళ్లుగా టిక్కుటిక్కుమంటూనే ఉంది.