మైనం లేని మాట

కలెక్టరుకు రాసిన అర్జీ చివర సంజీవరావు మేష్టారు 'యువర్స్ సిన్సియర్లీ' అని పెట్టి, కింద సాక్షి వేలిముద్రకు చోటు వదిలారు. అర్జీలకు ఆ మాట వాడరని ఆయనకు తెలుసు. అయినా ఆయనకదంటే మోజు.

"పోలేరయ్యా, వేలెయ్యి," అన్నాడు పాలెం పెద్ద హజరత్తయ్య. "పడవ గట్టిదే, అలే తిరగేసిందని బాగుచేసినోడివి నువ్వు చెప్తే చాలు. సర్కారు సాయం బిడ్డ పోయిన ఆ తల్లికి అందుద్ది."

మైపాడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవ పక్కన కూర్చున్న పోలేరయ్య కదల్లేదు. అమ్మకానికని దాన్ని బాగుచేసింది అతనే. దానిలో వేటకు వెళ్ళిన కుర్రవాడు శవమై ఒడ్డుకు చేరాడు. అప్పటినుంచీ పోలేరయ్య ఏడవలేదు. తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు.

ఊరకే ఉండలేక హజరత్తయ్య అడిగాడు. "ఆ చివరి మాటేంది అయ్యోరూ?"

మేష్టారికి ఇంగ్లీషు మాట దొరికితే చాలు, సమయం సందర్భం అక్కర్లేదు.

"'సిన్సియర్' అంటే నిజాయితీ. లాటిన్ నుంచి వచ్చిందయ్యా. 'సినే' అంటే లేకుండా, 'సేరా' అంటే మైనం. రోములో శిల్పులు రాతి పగుళ్ళను మైనంతో కప్పి అమ్మేవాళ్ళంట. నికార్సైనవాడు మైనం లేదని చెప్పి మరీ అమ్మేవాడంట. పండితులు ఇది ఉత్త కట్టుకథంటారు. నాకు మాత్రం ఇష్టం."

పోలేరయ్య తన వేలివైపు చూసుకున్నాడు. గోటి సందున నల్లటి జిగురు ఇంకా ఉంది.

"నేను వెయ్యను. అడుగు చెక్క పగిలుండింది. మైనంలో తారు కలిపి పూసినాను. బయటూరోళ్ళకు అమ్మేద్దామనుకున్నా. ఎవురికీ చెప్పలా. ఇంట్లో గూడా చెప్పలా."

చేపల ధర నయాపైసల్లో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మేష్టారు అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"కట్టుబాటు నీకు తెలుసు గదా," అన్నాడు హజరత్తయ్య. "ఎవురి తప్పుతో సముద్రంలో మనిషి పోయినాడో, వాడు పొద్దుగూకేలోగా పోయినోడి గడప ముందర నిలబడి, ఆ తల్లికి నోటితో చెప్పాల. ఆమె ఏమన్నా పడాల."

"తెలుసు."

"నేను తోడు రానా?"

"వద్దులే అన్నా."

పోలేరయ్య లేచి, పంచెకంటిన ఇసుక దులుపుకుని, తన సొంత ఇంటి గడప ముందుకెళ్ళి నిలబడి భార్యను పిలిచాడు.