పక్క సీటు

"కొయ్యడానికి వీల్లేదంటే వీల్లేదు" అన్నాడు కారు యజమాని.

మెకానిక్ చేతిలోని సుద్దముక్కను చెవి మీద పెట్టుకున్నాడు. కారులో రెండే సీట్లు. వాటి నడుమ, గేరు రాడ్డు కింద ఉబ్బెత్తుగా ఉన్న రేకు మీద అతను అప్పుడే ఒక తెల్లగీత గీశాడు. యజమాని జేబురుమాలు తీసి ఆ గీతను తుడిచేశాడు.

"కొయ్యకుండా ఎలా సార్? మీ పాత ఇంజన్‌కి గాలి చాలు. కొత్తదానికి నీళ్ళు కావాలి. ఇంజన్ చూస్తే సీట్ల వెనకాల. రేడియేటర్‌కి చోటు చూస్తే ముందు డిక్కీ ఒక్కటే. వేడినీళ్ళు వెనక నుంచి ముందుకి వెళ్ళాలంటే పైపు మీ ఇద్దరి మధ్య నుంచే వెళ్ళాలి."

"ఈ రేకు మీద ఇన్నేళ్ళలో రంపం పడలేదు. కావాలంటే నా వీపు కొయ్యి, దీన్ని కొయ్యకు."

పక్క సీట్లో కూర్చున్న భార్య నవ్వింది. "అంటారు గానీ, దోమ కుడితేనే ఇల్లు పీకి పందిరేస్తారు."

మెకానిక్ కూడా నవ్వాడు. కారు బల్లిలా నేలకి ఆనుకుని ఉంది. అందులోకి చూసి మాట్లాడాలంటే నడుం వంచాల్సిందే. వంగి ఆమెతో అన్నాడు.

"ఎంతసేపని అలా కూర్చుంటారమ్మా? దిగండి, కుర్చీ వేస్తాను."

"మా మహారాణి కాలు కింద పెట్టదయ్యా" అన్నాడు భర్త.

"పర్లేదు, నాకిక్కడే బాగుంది" అంది ఆమె. ఈసారి నవ్వలేదు.

షెడ్డు నేలంతా నూనె జిడ్డు. అందుకే కాబోలు అనుకుని మెకానిక్ ఊరుకున్నాడు.

"ఏమండీ, ఈ ఇంజన్ పెడితే కొండ పైదాకా వెళ్తాం కదా? ఎప్పుడు బయల్దేరినా ఆ మలుపు దగ్గరే పొగలు కక్కి ఆగిపోతుంది. ఒక్కసారి పై నుంచి చూడాలని నాకు."

"వెళ్తాం."

"నన్ను తీసుకెళ్తారు కదా?"

"ఉన్నవి రెండు సీట్లు. నువ్వు కాక నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఆ మాటకి ఆమె ముఖం విప్పారింది.

"ఒకటి ముందే చెప్తున్నా సార్" అన్నాడు మెకానిక్. "రేడియేటర్ బిగించాక ఆ డిక్కీలో చేతిసంచి కూడా పట్టదు. తర్వాత నన్ను అనొద్దు."

"అందులో ఏముందిలే, ఒక్క సామాను."

"మరి అది?" అంది భార్య.

"ఇంట్లో పడుంటుంది."

ఆమె ముందు అద్దంలోంచి షెడ్డు గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

మెకానిక్ గడ్డం గోక్కున్నాడు. "కొయ్యకుండా ఒక దారి ఉంది గానీ, మంచిది కాదు. అమ్మగారి వైపు తలుపు వారగా పాత వేడిగాలి గొట్టం దారి ఖాళీగానే ఉంది. దాంట్లోంచి పైపు లాగొచ్చు. మీ వైపు పెడల్స్ అడ్డం. కానీ పైపు నిప్పులా కాలుతుంది. మందంగా ఏదైనా చుడదామంటే తలుపు పడదు. మనిషన్నవాడు అక్కడ కాళ్ళు పెట్టి కూర్చోలేడు."

"వేసి చూడు. ఆవిడ కూర్చునే ఉందిగా."

కొత్త ఇంజన్ కారు వెనక ఇనప బల్ల మీద ఉంది. మెకానిక్ అక్కడి నుంచి పైపు లాగి, ముందు బంపర్ దగ్గర నిలబెట్టిన రేడియేటర్‌కి కలిపాడు. పైపుకి దారి ఇవ్వడానికి భర్త ఆమె పాదాలు రెండూ తనే ఎత్తి పట్టుకున్నాడు. పని కాగానే మళ్ళీ జతగా మ్యాటు మీద పెట్టాడు. చెప్పులతో కారెక్కనివ్వడు కాబట్టి అవి ఉత్త పాదాలు. పెళ్ళాం పాదాలు పట్టుకునే మగాణ్ణి మెకానిక్ తన షెడ్డులో ఎన్నడూ చూడలేదు. అదృష్టవంతురాలు అనుకున్నాడు.

ఇంజన్ అందుకుంది. నోటి మాట చెవికి వినపడనంత హోరు. కాసేపటికి రేడియేటర్ మీద గాలి అలలు అలలుగా కదలసాగింది.

"ఎలా ఉంది? కాలుతోందా?" భర్త గట్టిగా అడిగాడు.

"లేదండీ."

మెకానిక్ ఇంజన్ ఇంకాస్త రేపాడు. ఆమె ముఖం మీదికి వేడి కొట్టి చెమట పట్టింది. పమిట చెంగుతో తుడుచుకుంది.

"ఇప్పుడో?"

"ముఖానికే కొంచెం ఉక్కగా ఉంది. అంతే." కొండ పై నుంచి చూస్తున్నట్టు ఆమె ఇంకా ఆ గోడ వైపే చూస్తోంది.

మెకానిక్‌కి నమ్మకం కుదరలేదు. నీళ్ళు రావడం లేదేమోనని తలుపు తీసి పైపు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే వెనక్కి లాక్కుని వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు కనపడింది. ఆమె మడమ పైపుకి ఆనుకుని ఉంది. ఆనిన చోట చర్మం తెల్లగా ఉబ్బి, అంచున చిట్లింది.

"అమ్మా, కాలు. కాలు తియ్యండి."

ఆమె తియ్యలేదు. అతని ముఖంలోకి చూసింది. "ఏమైంది? ఎందుకలా అయిపోయారు?"

భర్త వెళ్ళి ఇంజన్ ఆపాడు. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"చూశావుగా, ఆవిడకి ఏ ఇబ్బందీ లేదు. అటు నుంచే వెయ్యి. రేకు ముట్టుకోకు."

అంటూనే ముందు డిక్కీ మూత ఎత్తాడు. లోపలున్న ఆ ఒక్క సామానునీ బయటికి లాగి, ఆ కుర్చీ మడత విప్పి, దాని చక్రాలు నేలకి ఆనించి, భార్య పక్కకి తోశాడు.

"డిక్కీ ఖాళీ. రేడియేటర్ కొలత తీసుకో."